ఫీజులు, అప్పులు, సృజన: కళా విద్యపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో చిత్రకళ, డిజైన్ కోర్సుల ప్రవేశాల గురించి రాసిన వ్యాసానికి స్పందనగా వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రవేశ పరీక్ష గురించి కాక డబ్బు గురించి అడిగినవే. ఫీజు, రుణం, రంగుల ఖర్చు, కళాశాలల ఆదాయవ్యయాలు విద్యార్థి ఆలోచనను ఏ విధంగా మారుస్తాయన్న ఆందోళన వాటన్నింటిలోనూ కనిపించింది. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించి, నాలుగు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. పెయింటింగ్‌లో బి.ఎఫ్.ఏ. (లలితకళల డిగ్రీ) చదువుతానని పట్టుబడుతోంది. నేను చిన్న కిరాణా దుకాణం నడుపుతున్నాను. డిజైన్ అయితే ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో, బ్యాంకు రుణం తీసుకొని ఒక ప్రైవేటు కళాశాలలో ఆ కోర్సులో చేర్పించాలని అనుకుంటున్నాను. డబ్బు చూసుకొని చదువు ఎంచుకుంటే పిల్లలో ఉన్న సృజన చచ్చిపోతుందని మా బంధువొకరు అన్నారు. అది నిజమేనా?
— ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ బంధువు మాటను నేను సగమే ఒప్పుకోగలను. కళ చదువుకూ జీవనోపాధికీ ముడి మన ప్రాంతంలో మొదటి నుంచీ ఉంది. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో కళాపాఠశాలను ప్రారంభించినప్పుడు, చిత్రకారులతో పాటు పరిశ్రమలకు పనికివచ్చే పనివాళ్ళను తయారు చేయడం కూడా ఆయన ఉద్దేశంలో భాగమే. శతాబ్దం గడిచాక, 1957లో, అదే పాఠశాలకు కె.సి.ఎస్. పణిక్కర్ ప్రిన్సిపాల్ అయ్యారు. తన దగ్గర చదువుకున్న ప్రతిభావంతులు బయటికి వెళ్ళాక బొమ్మలు అమ్ముకొని బతకలేక, ఏదో ఒక కొలువులో చేరి, క్రమంగా కుంచెకు దూరం కావడం ఆయనను కలవరపెట్టింది. దానికి ఆయన వెతికిన మార్గం చాలా ఆచరణాత్మకమైనది. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి బాతిక్ (మైనం పోసి రంగు అద్దే) బట్టలు, ఇతర చేతిపని వస్తువులు తయారు చేసి అమ్మారు. ఆ రాబడితో మద్రాసు శివార్లలో, ఇంజంబాక్కం దగ్గర సముద్రతీరాన కొంత భూమి కొన్నారు. 1966లో ఏర్పడిన చోళమండల్ కళాకారుల గ్రామానికి పునాది అదే. రోజులో కొంతసేపు అమ్మకానికి పనికివచ్చే చేతిపని చేసి, మిగిలిన సమయంలో ఎవరి చిత్రం వారు, ఎవరి శిల్పం వారు చేసుకోవాలన్నది అక్కడి ఏర్పాటు.

ఆ చేతిపని వారి కళను పాడు చేయలేదు. ఈ పాఠశాల, చోళమండల్ చుట్టూ ఎదిగిన మద్రాసు బృందానికి చెందిన చిత్రాల్లో గీతకు, అలంకరణకు ఉన్న బలం చూసినప్పుడు, బట్ట మీద మైనం పోసి రంగు అద్దిన చేతులు ఆ బలానికి ఎంతో కొంత తోడ్పడ్డాయనే నాకు అనిపిస్తుంది. తెలుగువారైన ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాసు పాఠశాలలోనే చదివి, అక్కడి వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం చేస్తూ, దేవతా రూపాలతో తనదైన చిత్రశ్రేణిని సృష్టించారు. 1956 నుంచి, చేతివృత్తుల కోసం కృషి చేసిన పుపుల్ జయకర్ చొరవతో ఏర్పడిన ఆ కేంద్రాలు చేనేతకు కొత్త నమూనాలు అందించడమే కాక, ఎంతోమంది చిత్రకారులకు నెల జీతం ఇచ్చి నిలబెట్టాయి. నమూనాలు గీసే ఉద్యోగం వారి చిత్రరచనకు అడ్డం రాలేదు.

కాబట్టి సంపాదించవలసి రావడం వల్ల సృజన చావదు. అయితే మీరు చెబుతున్నది సంపాదన గురించి కాదు, అప్పు గురించి. ఈ రెండింటి ప్రభావం ఒకటి కాదు. చోళమండల్ కళాకారులు చేతిపని చేసి సమయాన్ని కొనుక్కున్నారు. పెద్ద రుణంతో చదివే విద్యార్థి తన రాబోయే సమయాన్ని ముందే అమ్ముకుంటున్నాడు. రుణంతో చదివిన పిల్లల్లో నేను గమనించిన మార్పు మూడో సంవత్సరంలో మొదలవుతుంది. అంతవరకు మట్టితో, బట్టతో, చెక్కతో ఏవేవో ప్రయత్నించిన విద్యార్థి, ఆ తరువాత ఉద్యోగమిచ్చే కంపెనీవారు ఏం చూస్తారో ఊహించుకొని దానికి తగిన పనులే చేయడం ప్రారంభిస్తాడు. చివరి సంవత్సరపు ప్రాజెక్టుల ప్రదర్శనకు వెళ్ళి చూడండి. మొబైల్ యాప్ తెరల నమూనాలు వరుసగా ఒకదాని పక్కన ఒకటి, ఇంచుమించు ఒకే రంగుల్లో కనిపిస్తాయి. వాటిని చేసిన పిల్లలకు ఊహ లేదని నేను అనను. విఫలమయ్యే అవకాశమున్న పనిని ఎత్తుకునే ధైర్యం వారికి మిగలలేదు. కొత్తది చేయాలంటే మొదట కొన్నిసార్లు చెడగొట్టక తప్పదు, చదువు ముగిసిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయని తెలిసిన పిల్ల ఆ చెడగొట్టే స్వేచ్ఛను తనంతట తానే వదులుకుంటుంది.

ఈ కారణం చేత మీకు నా సలహా ఏమిటంటే, పెయింటింగా, డిజైనా అన్న ప్రశ్న కంటే ముందు, తక్కువ ఫీజుతో చదివే చోటు ఏదన్న ప్రశ్న వేసుకోండి. హైదరాబాదులోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగం వంటి ప్రభుత్వ సంస్థల్లో ప్రయత్నించనివ్వండి. బి.ఎఫ్.ఏ.లో పెయింటింగ్‌తో పాటు అప్లైడ్ ఆర్ట్ అనే శాఖ కూడా ఉంటుంది. ప్రకటనలు, పుస్తకాల ముఖచిత్రాలు, అక్షరాల రూపకల్పన వంటి జీవనోపాధి పనులు అందులో నేర్పుతారు. పెయింటింగ్ చదివిన పిల్ల కూడా ఆ పనులు నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. ఒకవేళ డిజైన్ వైపే వెళ్ళి, రుణం తప్పనిసరి అయితే, 2024లో వచ్చిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ సంస్థ ఉందో లేదో చూడండి. జాబితాలోని సంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు వస్తే తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, ఇతర వడ్డీ రాయితీలేవీ పొందని వారికి, 10 లక్షల వరకు రుణంపై, తిరిగి చెల్లింపు మొదలయ్యే దాకా 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంటుంది. జాబితాలో లేని ప్రైవేటు కళాశాలకు, అమ్మాయికి ఇష్టం లేని కోర్సుకు, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ లలితకళల కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. కాన్వాసు, ఆయిల్ రంగులు కొనే స్తోమత లేదు. రాత్రిపూట ఫ్లెక్సీ దుకాణంలో డిజైనింగ్ చేసి ఖర్చులు వెళ్ళదీసుకుంటున్నాను. ఈ మధ్య కళాశాలలో నేను వేసే బొమ్మలు కూడా ఫ్లెక్సీ బ్యానర్లలా తయారవుతున్నాయని అధ్యాపకులు అంటున్నారు. నేను ఏం చేయాలి?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నాయనా, నీ కష్టంలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, వాటిని విడదీసి చూడు. సామగ్రి లేకపోవడం ఒకటి, సమయం లేకపోవడం మరొకటి. మొదటిదానికి భయపడవలసిన పని లేదు.

జర్మనీలోని బౌహౌస్ అనే కళా, డిజైన్ పాఠశాలలో 1920లో చేరిన యోసెఫ్ ఆల్బర్స్ వయసు అప్పటికే ముప్పై దాటింది. రంగులకు, సామగ్రికి డబ్బు లేక, వైమార్ పట్టణంలో చెత్త పారబోసే చోటికి సంచి భుజాన వేసుకొని వెళ్ళి, పగిలిన సీసాల గాజు ముక్కలు ఏరి తెచ్చి, వాటితోనే చిత్రాలు కూర్చాడు. తరువాత అదే పాఠశాలలో అధ్యాపకుడైనప్పుడు విద్యార్థులకు వార్తాపత్రిక కాగితాలు ఇచ్చి, తునక కూడా వృథా చేయకుండా దానితో ఏదైనా నిర్మించమనేవాడు. కాగితాన్ని మడిస్తే నిలబడుతుందని, కోస్తే సాగుతుందని చేతులతో కనుక్కోవడమే ఆ పాఠం. మన దేశంలో 1938లో హరిపురా కాంగ్రెస్ సభల కోసం చిత్రకారుడు నందలాల్ బోస్, ఆయన దగ్గర చదివే శాంతినికేతన్ విద్యార్థులు వేసిన చిత్రాలు చవకైన కాగితం మీద, సులువుగా దొరికే రంగులతో, వేగంగా వేసినవి. వంట చేసే ఆడవారు, డోలు వాయించేవారు, కుస్తీ పట్టేవారు వాటిలో రెండు మూడు గీతలతోనే ప్రాణం పోసుకున్నారు. ఆ గీతలో కనిపించే ఒడుపుకు ఆ తొందర, ఆ చవకదనం కూడా కారణమే.

మన తెలుగు నేల మీదే మరొక ఉదాహరణ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి నానబెట్టి కసిమి తయారు చేసుకుంటారు. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద వెదురు కలంతో ఆ కసిమితో గీస్తే, గీత నల్లగా తేలుతుంది. రంగు దుకాణానికి వెళ్ళకుండానే సాగే కళ అది. ఎర్రమట్టి, సుద్ద, బొగ్గుపొడి మెత్తగా నూరి తుమ్మబంకలో కలిపితే కాగితం మీద నిలిచే రంగు తయారవుతుంది. లినోలియం షీటు ముక్క, రెండు చెక్కుడు ఉలులు ఉంటే అచ్చుచిత్రాలు చేయవచ్చు. బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్ లినోకట్ అచ్చులు కొన్నింటిని చూడు, నలుపు తెలుపుల్లో ఎంత బరువైన మాట చెప్పవచ్చో తెలుస్తుంది. ఆయిల్ రంగులతో పెద్ద కాన్వాసు వేసిన వారికే ఎక్కువ మార్కులు వస్తాయన్న భావన మీ కళాశాలలో ఉంటే, ఆ విషయం అధ్యాపకులతో గౌరవంగా, సూటిగా మాట్లాడు. ఖర్చును బట్టి మార్కులు రావడం విద్యకు అన్యాయం.

సమయం సంగతి మాత్రం కష్టమైనది. ఫ్లెక్సీ దుకాణంలో గిరాకీ నిలబడి ఉండగానే పని పూర్తి కావాలి, అందుకే సిద్ధంగా ఉన్న నమూనాలో ఫొటోలు, పేర్లు మార్చి ఇస్తారు. రోజూ అదే చేసిన కన్ను మొదట తోచిన అమరికతోనే తృప్తి పడటం నేర్చుకుంటుంది. నీ బొమ్మల్లో అధ్యాపకులు చూస్తున్నది ఆ అలవాటునే తప్ప, నీ ప్రతిభ తగ్గిపోవడాన్ని కాదని నా నమ్మకం. కళాశాలలో వేసే ప్రతి చిత్రానికి ముందు చిన్న చిన్న చిత్తు నమూనాలు అనేకం గీసి, మొదట తోచినదాన్ని పక్కన పెట్టే నియమం పెట్టుకో. దుకాణంలో నీకు దొరికే ఒక లాభం కూడా ఉంది. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల వరుసల మధ్య ఎడం సరిపోక ఒకదాని మీద ఒకటి ఎక్కడం నువ్వు రోజూ చూస్తుంటావు. ఇంగ్లిషు అక్షరాల కోసం తయారైన నమూనాలో తెలుగు ఇరుక్కుపోతుంది. బోర్డులు రాసే చిత్రకారులు ఒకప్పుడు ఈ చిక్కును చేత్తో ఎంత అందంగా పరిష్కరించారో పాత దుకాణాల మీద, లారీల మీద వెతికి, ఫొటోలు తీసి, దాన్ని నీ కోర్సు ప్రాజెక్టుగా చేయి. నీ రాత్రి పని నీ చదువులోకి వస్తుంది.

దానితో పాటు ఉపకార వేతనాల కోసం తప్పక ప్రయత్నించు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ళ లోపు యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్ దృశ్యకళలకు కూడా వర్తిస్తుంది, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళు ఇస్తారు. పెద్ద మొత్తం కాదు గానీ, వారంలో కొన్ని రాత్రులైనా దుకాణానికి వెళ్ళనక్కరలేకుండా చేస్తుంది. తెలుగు చిత్రకళ చరిత్రలో ఇటువంటి సాయాల పాత్ర మనం అనుకున్నదానికంటే పెద్దది. దామెర్ల రామారావు బొంబాయి వెళ్ళి జె.జె. కళాపాఠశాలలో చదవడం వెనుక రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చొరవ, సాయం ఉన్నాయి. 1925లో, ఇరవై ఎనిమిదో ఏట ఆయన కన్నుమూసే నాటికి ఆంధ్ర చిత్రకళకు ఒక దారి ఏర్పడింది. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ రాష్ట్ర ప్రభుత్వ ఉపకార వేతనంతోను, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం రాష్ట్ర లలితకళా అకాడమీ ఫెలోషిప్‌తోను బరోడా వెళ్ళి చదువుకున్నారు. ఇద్దరూ తిరిగి వచ్చి తెలంగాణ పల్లెను, అక్కడి మనుషులను చిత్రించిన తీరు మనకు తెలుసు. బరోడాలో గడిపిన ఆ కాలం, రేపటి భోజనం గురించి బెంగ లేని కాలం, వారికి దొరకకపోయి ఉంటే ఆ చిత్రాలు ఇలాగే ఉండేవని నేను నమ్మలేను.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు డిజైన్ కళాశాలలో అధ్యాపకురాలిని. మా యాజమాన్యం మట్టిపని, అచ్చు విభాగాలకు ఖర్చు ఎక్కువ, చేరేవారు తక్కువ అంటూ వాటిని మూసి కంప్యూటర్ ల్యాబులుగా మార్చాలని చూస్తోంది. మొదటి సెమిస్టర్ నుంచే సాఫ్ట్‌వేర్లు నేర్పి పిల్లలను పరిశ్రమకు సిద్ధం చేయమంటోంది. ఒక తరగతిలో విద్యార్థుల సంఖ్య కూడా పెరిగింది. వారికి ఎలా నచ్చజెప్పాలి?
— ఒక అధ్యాపకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ యాజమాన్యానికి లెక్కలు ముఖ్యం కాబట్టి, లెక్కల ఒత్తిడి మధ్యనే పనిచేసి పేరు తెచ్చుకున్న సంస్థ కథనే చెప్పండి. పైన పేర్కొన్న బౌహౌస్ 1919లో వైమార్‌లో మొదలైనప్పుడు చేతివృత్తుల వైపు మళ్ళాలన్నది దాని ఆశయం. జర్మనీలో డబ్బు విలువ కుప్పకూలిన 1923లో, ప్రభుత్వం ఇచ్చిన డబ్బుకు ఫలితం చూపమని అడిగినందువల్ల ఆ సంస్థ పెద్ద ప్రదర్శన నిర్వహించవలసి వచ్చింది. కళ, సాంకేతికత కలవాలన్న కొత్త నినాదాన్ని సంస్థ స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ ఆ సందర్భంలోనే ముందుకు తెచ్చాడు. అదే ఏడాది అక్కడి విద్యార్థి హెర్బర్ట్ బేయర్ తురింగియా బ్యాంకు కోసం లక్షల మార్కుల విలువగల అత్యవసర నోట్లను రూపొందించాడు. అలంకారాలు లేకుండా అక్షరాలతో, అంకెలతో మాత్రమే తీర్చిన ఆ నోట్లు ఇప్పటికీ డిజైన్ చరిత్రలో పాఠాలుగా నిలిచాయి. 1924లో కొత్త ప్రభుత్వం నిధులను సగానికి తగ్గించడంతో సంస్థ 1925లో దెస్సావుకు తరలిపోయింది. అక్కడ నేత విభాగం తయారు చేసిన బట్టలు పరిశ్రమకు అమ్ముడయ్యాయి, విద్యార్థుల మధ్య పోటీ పెట్టి రూపొందించిన గోడకాగితాలు (వాల్‌పేపర్లు) రాష్ కంపెనీ ద్వారా బజారులోకి వెళ్ళి మంచి రాబడి తెచ్చాయి.

ఈ కథలో మీ యాజమాన్యం వినవలసిన మాటలు రెండు. అంత ఇబ్బందిలోనూ ఆ సంస్థ విద్యార్థులందరికీ మొదట ప్రాథమిక కోర్సు పెట్టి, కాగితం, చెక్క, లోహం, గాజు వంటి పదార్థాల స్వభావం తెలుసుకోవడానికే ఆ కాలాన్ని వదిలిపెట్టింది. అమ్మకానికి పనికివచ్చే వస్తువులు ఆ తరువాతి కార్యశాలల్లో పుట్టాయి. రెండో మాట, రాబడి తెచ్చినవాటిలో మగ్గం కూడా ఉంది. లెక్కల పేరుతో మొదట మూతపడే విభాగాలు ఎక్కడైనా బట్టీ, మగ్గం, అచ్చుయంత్రం ఉన్నవే, ఎందుకంటే వాటికి స్థలం కావాలి, పనిముట్లు కావాలి, దగ్గరుండి నేర్పేవారు కావాలి. ఇంగ్లండులో 2021లో కళా కోర్సులకు ఒక్కో విద్యార్థికి ఇచ్చే అదనపు ప్రభుత్వ నిధిని 243 పౌండ్ల నుంచి 121.50 పౌండ్లకు కోసివేసినప్పుడు అక్కడి కళాశాలలు మొత్తుకున్నది కూడా ఇందుకే. సాఫ్ట్‌వేర్ కొద్ది సంవత్సరాల్లో మారిపోతుంది, మళ్ళీ నేర్చుకోవచ్చు. మట్టి ఎక్కడ పగులుతుందో, సిరా ఎంత పీల్చుకుంటుందో చేతికి తెలియకుండా బయటికి వచ్చిన పిల్లకు ఆ లోటు తీర్చే అవకాశం ఉద్యోగంలో దొరకదు.

విభాగాలను నిలబెట్టుకోవడానికి డబ్బు తెచ్చే మార్గం కూడా మీరే చూపితే యాజమాన్యం వినవచ్చు. బరోడా లలితకళల విభాగంలో అక్కడి అధ్యాపకుడు, చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ చొరవతో 1961 నుంచి జరిగిన మేళాల్లో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి బొమ్మలు చేసి అమ్మేవారు. ఆయన చెక్కతో, పూసలతో, తోలుతో చేసిన ఆటబొమ్మలు ఆ మేళాల కోసం పుట్టినవే. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ జయంతికి ముందు, డిసెంబరు మొదటి రెండు రోజుల్లో జరిగే నందన్ మేళా కూడా విద్యార్థుల సహాయ నిధి కోసం 1970లలో మొదలైంది. దీపావళికో, సంక్రాంతికో మీ కళాశాలలో అటువంటి మేళా పెట్టండి. ప్రమిదలు, అచ్చువేసిన శుభాకాంక్షల కార్డులు, బట్ట సంచులు అమ్మండి. అయితే మొదటి సంవత్సరం పిల్లలను ఆ అమ్మకపు బాధ్యత నుంచి దూరంగా ఉంచండి, వచ్చిన డబ్బు పూర్తిగా ఆ విభాగాల ఖాతాలోకే వెళ్ళేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. తరగతిలో సంఖ్య విషయంలో నాకు తెలిసిన చిట్కా ఏదీ లేదు. ఒక్కో విద్యార్థి పని దగ్గర నిలబడి మాట్లాడే సమయం లేకపోతే అది స్టూడియో చదువు కాదని యాజమాన్యానికి స్పష్టంగా చెప్పవలసిందే.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అబ్బాయికి ఒక ప్రైవేటు ఆర్ట్ కళాశాలలో సీటు వచ్చింది. ఫీజు చాలా ఎక్కువ. ఈ మధ్య ఇటువంటి కళాశాలలు మూతపడుతున్నాయని విని భయంగా ఉంది.
— ఒక తల్లి

జవాబు: మీ భయం అకారణం కాదు. మీకు పొరుగునే, ఫిలడెల్ఫియాలో, యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ 2024 మే 31న మూసివేత ప్రకటించి జూన్ 7న తలుపులు వేసేసింది. 1871లో పుట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2022లో తరగతులు ఆపి, మరుసటి ఏడాది దివాలా కోర్టుకు వెళ్ళింది. న్యూయార్కులోని కూపర్ యూనియన్ చాలా దశాబ్దాలు విద్యార్థులందరికీ బోధన ఉచితంగా అందించింది. కొత్త భవనం కోసం 2006లో తీసుకున్న 17.5 కోట్ల డాలర్ల రుణభారం కూడా తోడై, 2014 నుంచి ఫీజు వసూలు చేయవలసి వచ్చింది. విద్యార్థులు దాన్ని తీవ్రంగా ప్రతిఘటించారు, మళ్ళీ పూర్తి ఉచిత విద్యకు చేరడానికి సంస్థ 2018లో పదేళ్ళ ప్రణాళిక వేసుకొని ఆ దిశగా నడుస్తోంది. అప్పు విద్యార్థిదైనా, కళాశాలదైనా, ఒత్తిడి చివరికి తరగతి గదిలోకే వస్తుంది.

అందువల్ల సీటు ఒప్పుకునే ముందు మూడు సంగతులు కనుక్కోండి. గత కొన్నేళ్ళలో కొత్తగా చేరినవారి సంఖ్య పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది మొదటిది. ఆ కళాశాల గుర్తింపు సంస్థ ఇటీవల ఏదైనా హెచ్చరిక జారీ చేసిందా అన్నది రెండోది, ఆ సమాచారం గుర్తింపు సంస్థల ప్రకటనల్లో బహిరంగంగానే ఉంటుంది. మధ్యలో మూతపడితే విద్యార్థులను ఏ కళాశాలలో చేర్చుకుంటారో రాతపూర్వక ఏర్పాటు ఉందా అన్నది మూడోది. మీ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కూడా మంచి కళా విభాగాలున్నాయి. రట్‌గర్స్‌లో మేసన్ గ్రాస్ కళాపాఠశాలను అబ్బాయితో కలిసి ఒకసారి వెళ్ళి చూడండి, స్టూడియోలు తిరగండి, రాష్ట్రవాసులకు ఉండే ఫీజుతో నాలుగేళ్ళకు అయ్యే మొత్తాన్ని లెక్కగట్టి, ప్రైవేటు కళాశాల మొత్తం పక్కన పెట్టి, ఆ రెండు అంకెలనూ అబ్బాయికే చూపించి నిర్ణయించుకోమనండి.